1:12 ట్విస్ట్ .223లో 75 గ్రెయిన్ బుల్లెట్: 450 గజాల ప్రెయిరీ డాగ్ కోసం ఏం చేయాలి?

అరోరా_శ్రీను:
అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

డెన్వర్‌కి తూర్పున రెండు గంటల దూరంలో తెలిసిన పెద్దాయన రాంచ్ ఉంది. ఆవులు మేపుకుంటాడు. ఆయన బీడులో ఒక మూల దాదాపు నలభై ఎకరాలు ప్రెయిరీ డాగ్‌లు (బొరియల్లో గుంపులుగా బతికే ఉడుత జాతి జంతువులు) ఆక్రమించేశాయి. పుట్టల చుట్టూ గడ్డిపరక మిగల్చవు, అంతా కొరికి నేలమట్టం చేస్తాయి. నాలుగేళ్లుగా వేసవి వస్తే చాలు, వచ్చి కాల్చిపెట్టు అని నన్ను పిలుస్తున్నాడు.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న .223 బోల్ట్ రైఫిల్. లావు బ్యారెల్, 1:12 ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల మెలిక). ఇన్నాళ్లూ హార్నడీ కంపెనీ 55 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) వీ-మ్యాక్స్ బుల్లెట్లు వాడాను. 300 గజాల లోపు ఏ ఇబ్బందీ లేదు. కానీ దగ్గరి పుట్టల్లోవి చప్పుడు వినగానే లోపలికి దూరడం నేర్చేసుకున్నాయి. ఇప్పుడు బయట కూర్చునేవన్నీ 400, 450 గజాల్లో ఉన్నాయి. పదింటికల్లా గాలి లేస్తుంది. పోయిన శనివారం 31 తూటాలు కాలిస్తే తగిలినవి నాలుగు. తక్కినవన్నీ కుడివైపు దుమ్ము లేపాయి.

షాపులో అడిగితే "గాలికి బరువైన బుల్లెట్ వాడు" అన్నారు. హార్నడీదే 75 గ్రెయిన్ ఈఎల్‌డీ మ్యాచ్ (టార్గెట్ పోటీల బుల్లెట్) డబ్బా కొని, ఇరవై తూటాలు లోడ్ చేసి రేంజ్‌కి వెళ్లాను. 100 గజాల్లో ఐదు కాలిస్తే కాగితం మీద పడినవి మూడే. ఆ మూడూ గుండ్రటి చిల్లులు కావు. ఒకటైతే బుల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి అచ్చు వేసినట్టు ముక్కు నుంచి తోక దాకా చిరిగింది. టార్గెట్‌ని 50 గజాలకి జరిపినా ఏటవాలు చిల్లులే.

బ్యారెల్ పాడైందా? 69 గ్రెయిన్లకో 77కో మారితే సరిపోతుందా? బ్యారెల్ మార్చాల్సిందేనా? ఖర్చుకి వెనకాడను, కానీ గుడ్డిగా పెట్టలేను.

పాత_రీలోడర్:
శ్రీనూ, నీ బ్యారెల్‌కి ఏమీ కాలేదు. బుల్లెట్‌కి చాలినంత తిప్పుడు అందలేదు, అంతే. 1:12 అంటే బుల్లెట్ గాడుల వెంట 12 అంగుళాలు ముందుకు పోతేగానీ ఒక చుట్టు పూర్తికాదు. బొంగరానికి తాడు చాలకపోతే తూలి పడిపోతుంది కదా, నీ కాగితం మీద పడినవి అవే.

అందరూ బరువు బరువు అంటారు గానీ తిప్పుడు అడిగేది పొడవు. ఒకే కాలిబర్‌లో (బుల్లెట్ లావులో) బరువు పెంచాలంటే పొడవు పెంచక తప్పదు. దానికి తోడు 75 ఈఎల్‌డీ మ్యాచ్‌కి సూది ముక్కు, పడవ తోక. అంగుళం దాటి పొడవుంటుంది. దానికి 1:8 ఉండాలి, 1:9 కూడా చాలదు. 77 మ్యాచ్‌కింగ్ (సియెరా కంపెనీ మ్యాచ్ బుల్లెట్) కాస్త పొట్టి కాబట్టి 1:9లో అంచు మీద నడుస్తుంది. నీ 1:12కి రెండూ పనికిరావు.

ముందు ట్విస్ట్ నువ్వే కొలుచుకో. సెకండ్ హ్యాండ్ తుపాకీ విషయంలో అమ్మినవాళ్ల మాట నమ్మొద్దు. తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి బ్యారెల్లోకి తోయి. రాడ్ మీద మార్కర్‌తో పైకి ఒక చుక్క పెట్టు. ఆ చుక్క ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో అదే నీ ట్విస్ట్. మూడుసార్లు కొలువు.

ఇక గాలి. గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో, సముద్రమట్టం లెక్కన, 500 గజాల దగ్గర ఎంత పక్కకి పోతాయో నేను వేసుకున్న లెక్క ఇది. సెకనుకి 3,240 అడుగుల వేగంతో బయల్దేరిన 55 వీ-మ్యాక్స్ దాదాపు 35 అంగుళాలు. 2,900తో 69 మ్యాచ్‌కింగ్ దాదాపు 34. అంటే 14 గ్రెయిన్లు పెంచి నువ్వు గెలిచేది ఒక్క అంగుళం! 2,750తో 77 మ్యాచ్‌కింగ్ 27. 2,800తో 75 ఈఎల్‌డీ మ్యాచ్ 20. నీ ఎత్తులో గాలి పలచన కాబట్టి అన్నీ ఇంకాస్త తగ్గుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. హార్నడీ 53 గ్రెయిన్ వీ-మ్యాక్స్ చూడు. 55 కంటే తేలిక, కానీ ముక్కు సన్నగా సాగి ఉంటుంది. బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (గాలిని చీల్చుకుపోయే సత్తా, ఎక్కువైతే మేలు) 55కి .255 అయితే దీనికి .290. 3,300తో పంపితే అదే గాలికి దాదాపు 28 అంగుళాలే. నీకు నడవని 77తో ఇంచుమించు సమానం, అదీ బ్యారెల్ మార్చకుండానే. నా 1:12లో రెండేళ్లు కాల్చాను, ఒక్క చిల్లు కూడా ఏటవాలుగా పడలేదు.

బ్యారెల్ అరిగినప్పుడు 1:8 వేయించుకో. అప్పుడు ఆ 75ల డబ్బా పనికొస్తుంది, పారేయకు.

లబ్బక్_22250:
అన్న చెప్పింది నిజం. నాది .22-250 (అదే లావు బుల్లెట్‌తో వేరే తూటా), ట్విస్ట్ ఇంకా నెమ్మది, 1:14. పాత .22-250లు చాలావరకు ఇంతే. పొట్టి 50, 55 దాటి ఏమీ పెట్టలేను.

ఒక్కటి చెప్పాలి. బరువు బుల్లెట్లకి మారేముందు పుట్టల వెనక ఏముందో చూసుకోండి. వీ-మ్యాక్స్ నేలకి తగలగానే చాలావరకు ముక్కలైపోతుంది. మ్యాచ్ బుల్లెట్ అలా కాదు. 450 గజాల్లో వేగం తగ్గి ఉంటుంది, బుల్లెట్ పై తొడుగు మందం, గట్టినేల మీద పడితే ఎగిరి ఎటైనా పోవచ్చు. మా దగ్గర ఒక చోట పశువుల నీళ్లతొట్టి పక్కన అలా "వీఁ..." అని చప్పుడు విని వెంటనే ఆపేశాను. పుట్ట వెనక మట్టిగట్టు లేకపోతే నేను కాల్చను. ఈఎల్‌డీ మ్యాచ్ తగిలిన చోట ప్రాణి వెంటనే పడకుండా పాక్కుంటూ బొరియలోకి పోవడమూ చూశాను. ఆ బాధ మనం పెట్టకూడదు.

డెన్వర్_కొత్త:
శ్రీను గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మీతో వచ్చి కాల్చొచ్చా?

పాత_రీలోడర్:
బాబూ, ఇది తేలిగ్గా తీసుకోకు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. కొలరాడోలో ఆ లైసెన్స్ కావాలంటే 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. ముందు ఆ కోర్సు చెయ్, లైసెన్స్ తీసుకో, ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడుగు. అప్పటిదాకా స్నేహితుడి తుపాకీ చేత్తో కూడా ముట్టుకోకు. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ అడ్డు లేదు.

అరోరా_శ్రీను:
అన్నా, రాడ్‌తో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 12 దగ్గరే వచ్చింది. 53 వీ-మ్యాక్స్ తెచ్చి లోడ్ చేశాను. 100 గజాల్లో ఐదు తూటాలు ముప్పావు అంగుళంలో పడ్డాయి, అన్నీ గుండ్రటి చిల్లులే. ఆ కాగితాన్ని గ్యారేజీలో మొన్నటి చిరిగిన కాగితం పక్కనే అంటించాను.

నిన్న ఆరింటికే రాంచ్ చేరాను. లబ్బక్ అన్న మాట గుర్తుంచుకుని ట్రక్కుని ఉత్తరానికి మార్చాను, ఇప్పుడు పుట్టల వెనక వాగుగట్టు అడ్డుంది. 410 గజాల పుట్ట మీద ఒకటి నిటారుగా నిలబడి ఉంది. సేఫ్టీ తీయబోతూ స్పాటింగ్ స్కోప్‌లో మళ్లీ చూశాను. పొడుగు కాళ్లు, పసుపు కళ్లు. వదిలేసిన బొరియల్లో కాపురముండే బరోయింగ్ గుడ్లగూబ అది. రైఫిల్ స్కోప్‌లో అచ్చం ప్రెయిరీ డాగ్‌లాగే కనబడింది. వాటిని కాల్చడం నేరం. ఆ పుట్ట చుట్టూ వంద గజాలు వదిలేసి ఇటు తిరిగాను.

తొమ్మిదిన్నరకి ఆపేశాను. 22 తూటాలు, 11 తగిలాయి, అన్నీ 380 నుంచి 430 గజాల మధ్య. గాలి లేచాక మాత్రం మూడు వరసగా తప్పాయి. 1:8 బ్యారెల్ కోసం గన్‌స్మిత్‌తో మాట్లాడుతున్నాను. 24 అంగుళాలా 26 అంగుళాలా అన్నది తేలలేదు, మీరేమంటారన్నా?

పాత_రీలోడర్:
26 వేయించు. ట్రక్కు మీదనుంచి, బెంచ్ మీదనుంచి కాల్చేవాడివి, మోసుకుని కొండలెక్కే పని లేదు. బరువు బుల్లెట్‌కి ఆ రెండంగుళాల్లో కాస్త వేగం కలిసొస్తుంది. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కోయించేముందు 75 ఈఎల్‌డీ మ్యాచ్‌తో ఒక డమ్మీ తూటా చేసి గన్‌స్మిత్ చేతికివ్వు, గొంతు (ఛాంబర్ ముందు, గాడులు మొదలయ్యే చోటు) దానికి సరిపడా కోస్తాడు. అప్పుడు అవి మ్యాగజైన్‌లో పట్టకపోవచ్చు, ఒక్కొక్కటి చేత్తో పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ దూరానికి తొందరేం లేదులే.

ఆ గుడ్లగూబ పుట్ట ఎక్కడుందో రాంచ్ పెద్దాయనకి చూపించు, ఆయన వేరేవాళ్లని కూడా పిలుస్తాడేమో.