కచేరీలో కూర్చుని గీస్తే గీత ఎందుకు మారుతోంది?

తిరుపతి_స్కెచ్:
నేను తిరుపతిలో డ్రాయింగ్ టీచర్ని. మహతి ఆడిటోరియంలో కచేరీ ఉందంటే స్కెచ్ బుక్ పట్టుకుని వెళ్లి ఓ పక్కన కూర్చుంటాను. ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని నెమ్మదిగా విస్తరించడం) సాగుతున్నంతసేపూ చెయ్యి పొడవాటి గీతలే తీస్తుంది, పెన్ను పైకెత్తబుద్ధి కాదు. తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాల వంతు, మొదలైందంటే అన్నీ చుక్కలు, చిన్న చిన్న అడ్డగీతలు. అదే తోడి రాగం ఇంట్లో స్పీకర్‌లో పెట్టుకుని గీస్తే గీతలో ప్రాణం ఉండట్లేదు. మీలో ఎవరికైనా ఇలా అవుతుందా?

కాళహస్తి_కలం:
అవుతుంది సార్. మాది శ్రీకాళహస్తి, ఇంటిల్లిపాదీ కలంకారీ పనే. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కసిమితో గీస్తాం. కసిమి అంటే ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన నలుపు. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ పోతేనే అది గుడ్డ మీదికి దిగుతుంది. ఉన్నిలో తడి ఉన్నంతవరకే గీత, తర్వాత మళ్లీ ముంచాల్సిందే. ఊరేగింపులో నాదస్వరం వింటుంటే నాకు సరిగ్గా ఇదే తోస్తుంది. వాయించే ఆయన బుగ్గలు నిండడం, భుజం లేవడం కళ్లారా చూస్తాం కదా, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో మన చేతికి ముందే అందుతుంది. స్పీకర్లో అది ఎక్కడుంది?

వయొలిన్_చిత్తూరు:
వాయించేవాడిగా ఒక మాట. కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, వేసేటప్పుడు తర్వాతి ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఎలా ఉంటుందో నాకే తెలియదు. ముందు వరసలో ఒకరు తల ఊపితే ఇంకో రెండు ఆవర్తాలు సాగదీస్తాను. మీరు గీస్తున్నది అప్పుడే పుడుతున్న దాన్ని. రికార్డింగ్ పదిసార్లు వింటే మలుపు ఎక్కడుందో చెయ్యి కంఠతా పట్టేస్తుంది, వెతకాల్సిన పని ఉండదు. గీసుకునేవాళ్లు ఎదురుగా ఉంటే మాకూ బాగుంటుందండీ, తప్పకుండా రండి.

రంగుల_పిచ్చి:
కచేరీలోనే గీయాలని ఏముంది? 1911 జనవరిలో మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బర్గ్ సంగీతం విని వచ్చాకే చిత్రకారుడు కాండిన్‌స్కీ 'ఇంప్రెషన్ 3 (కచేరీ)' వేశాడు. కాన్వాస్ నిండా పసుపు పరుచుకుని ఉంటుంది, పైన పియానో ఒక నల్లటి ముద్ద, ఈ పక్కన జనం వంపు గీతల్లో. ఎవరి ముఖమూ గుర్తుపట్టలేం, కానీ హాలు ఎలా మోగిందో తెలిసిపోతుంది. మీరు ఒకసారి పెన్ను జేబులోనే ఉంచి విని, ఇంటికి వెళ్లాక రంగులు కలిపి చూడండి.

తిరుపతి_స్కెచ్:
రంగులు ఇంటికొచ్చాకే వేసి చూస్తాను, మంచి మాట చెప్పారు. గీత మాత్రం అక్కడే తియ్యాలి, ఆ ఊపిరి మాట విన్నాక మరీ. ఈసారి వయొలిన్ కమాను పూర్తిగా కనిపించే వైపు కూర్చుంటాను. కాళహస్తి అన్నా, మీరు కలం పట్టుకుని గీస్తుంటే ఒకసారి చూడాలని ఉంది, రావచ్చా?

కాళహస్తి_కలం:
ఆదివారం పొద్దున్నే వచ్చేయండి సార్. రథం బొమ్మకు నల్ల గీత పని నడుస్తోంది. మీకూ ఒక కలం, గుడ్డముక్క తీసిపెడతాను.