బాలమురళి నాలుగు స్వరాల రాగాలు: కచేరీకి ముందు చెవి ఎలా సిద్ధం చేసుకోవాలి?

సింగ్‌నగర్ శ్రోత:
విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పూర్తిగా బాలమురళీకృష్ణ గారి రచనలతోనే కచేరీ ఉందండి. ఆయన సృష్టించిన మహతి, లవంగి రాగాలు పాడతారట. నాకు సంగీతం వర్ణాల దాకా వచ్చు. ఉన్నవి నాలుగేసి స్వరాలు, అందులో రాగం ఎలా నిలుస్తుంది? ఎక్కడ జారిందో నాకు తెలియాలంటే ఏం చేయాలి?

వయొలిన్ గుంటూరు:
రాగానికి తక్కువలో తక్కువ, ఔడవమైనా, ఐదు స్వరాలుండాలన్న కట్టుబాటునే ఆయన పక్కన పెట్టారు. మహతిలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. దానికి చతుశ్రుతి ధైవతం కలిస్తే వలజి అయిపోతుంది. చిక్కంతా అక్కడే. నిషాదాన్ని అలవాటుగా ఊపితే కింద ధైవతం తగులుతుంది, రాగం మారిపోతుంది. కాబట్టి నిషాదం నిలకడగా ఉందో లేదో గమనించండి.

లవంగి (షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం) ఇంకా కష్టం. మధ్యమం నుంచి ధైవతానికి జారుడుగా వెళ్తే దారిలో పంచమం వినబడుతుంది. అప్పుడది కర్ణాటక శుద్ధ సావేరి. 'ఓంకారాకారిణీ' విని వెళ్లండి. ఇంట్లో సాధనకి శ్రుతి పెట్టెలో పంచమం తీసేసి మధ్యమం పెట్టుకోండి, లేకపోతే పెట్టే మీ రాగాన్ని చెడగొడుతుంది.

కీబోర్డ్ కుర్రాడు:
సి ని షడ్జం చేసుకుంటే మహతి సి, ఇ, జి, బి ఫ్లాట్. గిటార్ వాళ్లు రోజూ పట్టే సి సెవెంత్ కార్డే! లవంగి సి, డి ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్. ఇక్కడో మోసం ఉంది. డి ఫ్లాట్‌ని షడ్జం అనుకుంటే అవే స్వరాలు స గ ప ని (కాకలి, అంటే పై నిషాదం) అవుతాయి. తంబుర సన్నగా వినిపిస్తే చెవి రిషభాన్నే షడ్జం చేసేసుకుంటుంది. అందుకే స్పీకర్ల పక్కన కాకుండా, తంబుర స్పష్టంగా వినబడే చోట మధ్య వరుసల్లో కూర్చోండి.

వయొలిన్ గుంటూరు:
బాగా చెప్పారు తమ్ముడూ. స్వరకల్పనకీ, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటానికీ, అదే ఇబ్బంది. నాలుగు స్వరాలను ఒక్కోసారి వాడి వరస మార్చితే వచ్చేవి 24 కూర్పులే. అవి అయిపోయాక విసుగు రాకుండా ఉండాలంటే గతి (తాళం లోపలి నడక) మార్చాలి. గాయకుడి సత్తా తేలేది అక్కడే.

మొగల్రాజపురం రసికుడు:
వీటిని కొత్త రాగాలంటే ఒప్పుకోనని వీణ బాలచందర్ గట్టిగా వాదించారు కదా?

వయొలిన్ గుంటూరు:
వాదించారండి. కానీ ఆ గొడవతో చెవికి పనిలేదు. సింగ్‌నగర్ గారూ, చరణంలో 'మురళి' ముద్ర (రచయితగా ఆయన సంతకం) ఎక్కడొస్తుందో చూసుకోండి. చివర్లో కదనకుతూహలం రాగంలో తిల్లానా ఉంటే బస్సు కోసం ముందే లేవకండి, ఆది తాళం ఎనిమిది దెబ్బలూ వేళ్ల మీద వేసుకుంటూ వినండి.