వన్ పీస్ ఇప్పుడు మొదలుపెట్టాలంటే: ఒకటి నుంచేనా, కత్తిరించుకోవచ్చా?

కొత్త_చందా
వన్ పీస్ అనే జపాన్ కార్టూన్ సిరీస్ (యానిమే)లోని గేర్ 5 క్లిప్ (1071వ ఎపిసోడ్‌ది) ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంటే మొత్తం చూద్దామని జాబితా తెరిచాను. 1100 దాటి ఉన్నాయి. రోజుకి గంటంబావు కంటే కుదరదు. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి నుంచి వరసగా చూడటం, నెట్‌ఫ్లిక్స్‌లో మనుషులు నటించిన సిరీస్ చూసి అక్కడి నుంచి అందుకోవడం, లేదంటే వానో ఆర్క్‌లో (అంటే కథలో వానో అనే పెద్ద భాగం, 890 దగ్గర) నేరుగా ఎక్కేయడం. ఏది మంచిది? కథ చెప్పేయకండి, నంబర్లతో మాట్లాడండి.

గడ్డిటోపీ
మూడోది ముందే కొట్టేయండి. వానోలో ఎవరు ఎవరి పేరెత్తి ఏడుస్తున్నారో తెలియాలంటే 459 నుంచి 489 దాకా జరిగింది తెలిసుండాలి. అది తెలియాలంటే 385 తెలియాలి. అలా వెనక్కి పోతే ఒకటి దగ్గరే తేలతారు.

లెక్క సులువు. ఎపిసోడ్ 24 నిమిషాలు, మీ గంటంబావులో మూడు పడతాయి. 1100కి ఏడాది. 1999 అక్టోబరు 20న మొదలైన సిరీస్‌ని ఏడాదిలో అందుకోవడం పెద్ద శిక్షేమీ కాదు. మొదటి మజిలీ 44, అంటే పదిహేను రోజులు. 37 చివర టోపీ సీను చూసి కూడా మీలో చలనం లేకపోతే 44తో ఆపేయండి. మిగతా వెయ్యి ఎపిసోడ్లూ మీకోసం కాదు.

పేజీ_తిప్పు
అన్ని ఎపిసోడ్లూ ఒకే చిక్కదనంలో ఉంటే కదా ఆ ఏడాది లెక్క. మొదటి 44 ఎపిసోడ్లలో మాంగా (యానిమేకి మూలమైన కామిక్) 95 అధ్యాయాలు అయిపోతాయి, అంటే ఎపిసోడుకి రెండుకి పైనే. వాటర్ 7, ఎనీస్ లాబీ ఆర్కులు కలిపి (229 నుంచి 312) 109 అధ్యాయాలు. మధ్యలో ఫిల్లర్ (మాంగాలో లేకుండా యానిమేలో కలిపినవి) తీసేస్తే ఎపిసోడుకి దాదాపు ఒకటిన్నర. మెరీన్‌ఫోర్డ్‌కి వచ్చేసరికి ఒకటికి ఒకటి. ఇక డ్రెస్‌రోసా 118 ఎపిసోడ్లు, అధ్యాయాలు 102. పాలలో నీళ్ళు కాదు, నీళ్ళలో పాలు.

ఎందుకిలా అంటే, యానిమే తీసే టోయ్ యానిమేషన్ ఏళ్ళ తరబడి విరామం లేకుండా వారం వారం ప్రసారం చేసింది. మాంగా రచయిత ఓదా గీసేది వారానికో అధ్యాయం, మధ్యలో సెలవులు. యానిమే మాంగాని దాటకూడదు. నరుటో, బ్లీచ్‌లకి ఇదే చిక్కు వచ్చినప్పుడు వాళ్ళు నెలల తరబడి ఫిల్లర్ వేశారు. వీళ్ళు అసలు కథనే జీడిపాకం చేశారు. అందుకే "ఫిల్లర్ తక్కువ" అన్న మాట నిజమే అయినా మోసపోవద్దు.

నేను చెప్పేది: 516 దాకా యానిమే చూడండి. అక్కడ కథ పెద్ద మలుపు తిరుగుతుంది, ఆగడానికి సహజమైన చోటు. అక్కడి నుంచి మాంగా 598వ అధ్యాయం అందుకుని 908 దాకా చదవండి. మళ్ళీ యానిమే 890లోకి రండి. ఆ 311 అధ్యాయాలకి, ఒక్కోటి ఏడు నిమిషాలు వేసుకున్నా 36 గంటలు. అదే ముక్క యానిమేలో 517 నుంచి 889 దాకా 373 ఎపిసోడ్లు, 149 గంటలు. మీ లెక్కన నాలుగు నెలల పైమాట.

ఓరుగల్లు_పోరడు
అన్నా, 36 గంటలని మంచిగనే చెప్తున్నవ్ గానీ ఆ 373 ల 808 కూడ ఉన్నది. ఆ ఒక్క ఎపిసోడ్ నలుపు తెలుపు పేజీల మీద ఎట్ల చూపిస్తవ్? గొంతులు, మధ్యల మౌనం. అది యానిమేలనే చూడాలె. సాగదీసింది డ్రెస్‌రోసానైతే డ్రెస్‌రోసానే చదువుమను. 700 నుంచి 801 దాక మాంగా, ఆ తర్వాత 751కి వచ్చి జో, హోల్ కేక్ యానిమే. గట్లయితే చదివే టైం తీసేసినా దినాం మూడు చొప్పున దగ్గర దగ్గర నెల రోజులు మిగుల్తది, అసలు సరుకు పోదు.

పేజీ_తిప్పు
ఒప్పుకుంటాను, 808కి మినహాయింపు. కానీ హోల్ కేక్‌లో 840ల తర్వాత ఆ ఓడ వెంటపడే భాగం చూడమనండి. ఒకే సముద్రం, ఒకే పరుగు, ఎపిసోడ్ల కొద్దీ.

రెండున్నర_నిమిషాలు
చదవడమా చూడటమా అన్నది తర్వాత. అసలు ఒక ఎపిసోడ్‌లో కథ ఎంతుందో ఎవరూ చెప్పట్లేదు. 279 నుంచి చివరి పాట ఎత్తేసి మొదటి పాటని రెండున్నర నిమిషాలకి పెంచారు. దాని వెనక "గతవారం ఏం జరిగిందంటే" అనే రీక్యాప్. డ్రెస్‌రోసా దగ్గర కొత్త సీను మొదలయ్యేసరికి తరచుగా నాలుగైదు నిమిషాలు దాటుతుంది. చివర అర నిమిషం "వచ్చే వారం". 24లో మిగిలేది 18 అటూ ఇటూ. అందులో కూడా ఒక గుద్దు పడితే చుట్టూ ఉన్న పదిమంది మొహాలు ఒక్కొక్కటిగా చూపిస్తారు.

ఓటీటీల్లో ఉండే "ఇంట్రో దాటు" బటన్ పాటనే దాటిస్తుంది, రీక్యాప్‌ని కాదు. పాట అయ్యాక పది సెకన్లు ముందుకి జరిపే బటన్ కొడుతూ వెళ్ళండి, ముందటి ఎపిసోడ్ ఏ షాట్ మీద ఆగిందో అది కనిపించగానే వదిలేయండి. చివరి ప్రివ్యూ మాత్రం పొరపాటున కూడా చూడొద్దు.

ఇంకో ప్రమాదం ఎపిసోడ్ పేర్లు. ఎవరు గెలిచారో, ఎవరు వచ్చారో ఆ పేర్లే అరిచి చెప్పేస్తాయి. జాబితా పేజీలో కిందికి జరపకుండా "చూడటం కొనసాగించు" నుంచే వెళ్ళండి. కొత్త ఓపెనింగ్ పాటలు కూడా అంతే, ఇంకా కథలోకి రాని మొహాలు వాటిలో ఉంటాయి. పాట మారిన మొదటి వారం దాటేసి, ఆ ఆర్క్ సగమయ్యాక తీరిగ్గా వినండి.

1.5 స్పీడ్‌లో చూడమని ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. వద్దు. సాగిన సీను స్పీడ్ పెంచినా సాగినట్టే ఉంటుంది, బాగున్న సీను మాత్రం చెడుతుంది.

కరివేపాకు
నా పేరే ఫిల్లర్. తీసి పక్కన పెట్టేయాల్సినవి: 54 నుంచి 60, 131 నుంచి 143, 220 నుంచి 226, 279 నుంచి 283 (పాత కథ రీక్యాప్‌లు, అదీ ఎనీస్ లాబీ మంచి పట్టు మీదున్నప్పుడు!), 291, 292, 303, 406, 407 (కథతో సంబంధం లేని పాతకాలపు వేషాల స్పెషల్స్), 317 నుంచి 319, 326 నుంచి 336, 382 నుంచి 384, 426 నుంచి 429, 575 నుంచి 578, 626 నుంచి 628, 747 నుంచి 750, 780 నుంచి 782, 895, 896, 907, 1029, 1030. వీటిలో కొన్ని అప్పట్లో విడుదలైన సినిమాలకి ప్రచారంగా వేసినవి. 426 స్ట్రాంగ్ వరల్డ్‌కి, 575 ఫిల్మ్ జెడ్‌కి, 895 స్టాంపీడ్‌కి, 1029 ఫిల్మ్ రెడ్‌కి. ఆ సినిమా చూసేటప్పుడు కావాలంటే చూసుకోండి.

ఒక్కటి మాత్రం దాటొద్దు. 196 నుంచి 206, జీ-8. మాంగాలో లేదు, అయినా ఓడలో ప్రతి ఒక్కరికీ చేతినిండా పని దొరికిన పదకొండు ఎపిసోడ్లు.

కొత్త_చందా
చాలా చోట్ల స్కైపియా (153 నుంచి 195) దాటేయొచ్చని రాశారు. 207 నుంచి 219 కూడా. దాటేస్తే 56 ఎపిసోడ్లు మిగులుతాయి కదా?

గడ్డిటోపీ
కంపెనీవాళ్ళే ఒకసారి ఈ ప్రయోగం చేశారు, ఏమైందో చూడండి. 2004లో అమెరికాలో 4కిడ్స్ అనే సంస్థ ఇంగ్లీష్ డబ్ చేస్తూ మొదటి 143 ఎపిసోడ్లని 104కి కుదించింది. ఓడ వంటవాడు సాంజీ నోట్లో సిగరెట్ తీసి లాలీపాప్ పెట్టింది, అది నవ్వుకోవడానికి పనికొస్తుంది. కానీ 62, 63లో వచ్చే తిమింగలం కథని పూర్తిగా లేపేసింది. లిటిల్ గార్డెన్ (70 నుంచి 77) కూడా. అప్పుడు అవి "కథకి అవసరం లేనివి"గానే కనిపించాయి. ఆ తిమింగలం ఎందుకు ఎదురుచూస్తోందో జవాబు 378 దగ్గర మొదలవుతుంది. మూడొందల ఎపిసోడ్ల దూరం. 62 చూడనివాడికి 380 ఒక పాట, అంతే. లిటిల్ గార్డెన్‌లో ఇద్దరు రాక్షసుల ఊరికి కథ చేరాలంటే 1100ల దాకా ఆగాలి.

స్కైపియా కూడా ఆ కోవే. అందులో ఒక గంట, ఒక రాయి, ఒక రాత్రి మంట చుట్టూ డాన్సు ఉంటాయి. మీరు చూసిన ఆ 1071 క్లిప్ మళ్ళీ చూసినప్పుడు వాటిలో ఏది గుర్తొస్తుందో చెప్పను.

పేజీ_తిప్పు
ఇక్కడ నాదీ గడ్డిటోపీ మాటే. ఓదా దగ్గర ఆర్క్ మొత్తం దాటేయడం పనికిరాదు, ఆర్క్ లోపల సాగదీతని మాత్రమే కత్తిరించాలి. 207 నుంచి 219 ఆటల పోటీ భాగం మాంగాలో చదివేయండి. అది కూడా 303వ అధ్యాయం నుంచి మొదలుపెట్టి చివరిదాకా, ఎందుకంటే ఆఖర్లో నేవీ మనిషి ఒకడు వస్తాడు. వాడు లేకుండా వాటర్ 7 అర్థం కాదు.

బరాటీ_వంటోడు
నెట్‌ఫ్లిక్స్ సిరీస్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2023 ఆగస్టు 31న వచ్చిన మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లు, యానిమే 44 దాకా జరిగే కథ. బాగుంది, ఇంట్లో కార్టూన్ అంటే మొహం చిట్లించేవాళ్ళని కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచిది లేదు. కానీ దాన్ని 44కి బదులుగా వాడుకుంటే రెండు చోట్ల తడబడతారు. ముసలి వైస్ అడ్మిరల్ గార్ప్‌ని ముందే తెచ్చేశారు, యానిమేలో అతని సంగతి 313 దగ్గర బయటపడితేనే మజా. రెండోది, ఆర్లాంగ్ (44 దాకా వచ్చే కథలో విలన్) మనుషుల్లో ఆరు చేతులవాడొకడు సిరీస్‌లో లేనే లేడు. అతను 385 తర్వాత మళ్ళీ వస్తాడు. అందుకని సిరీస్ చూసినా, యానిమేలో కనీసం 31 నుంచి 44 చూసి 45లోకి వెళ్ళండి.

ఓరుగల్లు_పోరడు
టీవీల చూసేటోళ్ళకు ఒక మాట. 206 దాక బొమ్మ పాత చదరం టీవీ కొలతల ఉంటది, 4:3. పక్కలకు నల్ల పట్టీలు వస్తయ్. అవి నచ్చక రిమోట్‌ల జూమ్ కొడితే తలకాయలు, కింద సబ్‌టైటిల్స్ రెండూ కోస్తది. సాగదీస్తే అందరు లావైతరు. వదిలెయ్. 207 నుంచి దానంతల అదే వెడల్పవుతది.

నీళ్ళు_పాలు
ఇంత లెక్క దేనికి? అభిమానులు ఎడిట్ చేసిన వన్ పేస్ ఉంది. రీక్యాప్‌లు, సాగదీత కోసి మాంగా వేగానికి తెచ్చారు. డ్రెస్‌రోసా సగం కూడా ఉండదు.

రెండున్నర_నిమిషాలు
పని బాగా చేశారు, కాదనను. కానీ అది హక్కులున్నవాళ్ళ అనుమతితో నడిచేది కాదు, ఏ ఓటీటీలోనూ దొరకదు. ఫైళ్ళు దించుకుని, భద్రపరుచుకుని, ఎక్కడ ఆపారో మీరే రాసుకోవాలి. వాళ్ళ నంబర్లు వేరు కాబట్టి ఇక్కడ ఇచ్చిన నంబర్లేవీ సరిపోవు. కోసిన చోట నేపథ్య సంగీతం ఎగిరిపడటం అక్కడక్కడా వినిపిస్తుంది. కొత్తవాళ్ళకి ఇంత తతంగం ఎందుకు? టోయ్ వాళ్ళే 2024 అక్టోబరు నుంచి ఆరు నెలలు అసలు సిరీస్ ఆపినప్పుడు ఫిష్‌మన్ ఐలండ్‌ని తిరిగి ఎడిట్ చేసి 21 ఎపిసోడ్లుగా వేశారు. 50కి పైగా ఉన్నది 21 అయింది! మీ ఓటీటీలో అది ఉంటే 523 నుంచి 574 బదులు అదే చూడండి. ఎంత నీరు పోశారో అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నీళ్ళు_పాలు
ఒక్క ఆర్క్‌కే చేశారు. మిగతా వాటికి?

పేజీ_తిప్పు
మిగతా వాటికి మాంగా. మాంగా ప్రచురించే షుయీషా వాళ్ళ మాంగా ప్లస్ యాప్‌లో మొదటి మూడు, చివరి మూడు అధ్యాయాలు ఉచితం. ముందు వాటితో చదవడం అలవాటవుతుందో లేదో చూసుకోండి. పేజీ కుడి నుంచి ఎడమకి, గడులు కూడా అలాగే. మొదటి రెండు అధ్యాయాలు తికమకగా ఉంటుంది, తర్వాత మర్చిపోతారు. ఇంగ్లీష్ చదవడం విసుగనిపిస్తే మాత్రం ఓరుగల్లు తమ్ముడు చెప్పిన దారే మేలు.

గడ్డిటోపీ
ఇన్నాళ్ళూ "అందుకునేలోపు ఇంకో యాభై వస్తాయి" అని భయపెట్టేవారు. 2026 నుంచి ఏడాదికి గరిష్ఠంగా 26 ఎపిసోడ్లేనని టోయ్ ప్రకటించింది. రోజుకి మూడు చూసేవాళ్ళకి అది తొమ్మిది రోజుల పని. విట్ స్టూడియో మొదటి నుంచి మళ్ళీ తీస్తోంది, 2023 డిసెంబరులో ప్రకటించారు. దానికోసం ఆగుతానంటే ఆగండి. ఈలోపు ఆర్లాంగ్ పార్క్ (44 దాకా) అయిపోతుంది.

కొత్త_చందా
సరే, ఇలా అనుకుంటున్నా. 1 నుంచి 44 చూసి నిర్ణయం. నచ్చితే కరివేపాకు గారి జాబితా పక్కన పెట్టుకుని 516 దాకా, జీ-8తో సహా. తర్వాత ఫిష్‌మన్ చిన్న వెర్షన్, పంక్ హజార్డ్ (579 నుంచి) యానిమే, డ్రెస్‌రోసా చదవడం, 751 నుంచి మళ్ళీ యానిమే. ఏమైనా తేడా ఉందా?

ఓరుగల్లు_పోరడు
డ్రెస్‌రోసా చదివినా గానీ ఆఖరి పెద్ద కొట్లాట ఒక్కటి యానిమేల చూడు, 726. మిగిలింది మంచిగనే ఉన్నది.

కరివేపాకు
జాబితాలో రెండు వదిలేశాను. 542, 590. వేరే సిరీస్‌లతో కలిపిన స్పెషల్స్. 590 పంక్ హజార్డ్ మధ్యలో పడుతుంది, 589 నుంచి నేరుగా 591కి వెళ్ళండి.