అప్‌డేట్: కర్నూలులో అద్దె పెంపు, బ్రోకర్ కమీషన్ గొడవ తీరింది

సి-క్యాంప్ దగ్గర మా ఇంటి అద్దె 8,000 నుంచి 10,000 చేస్తామని ఓనర్, రెన్యువల్‌కు మళ్ళీ ఒక నెల అద్దె కమీషన్‌గా కావాలని బ్రోకర్ అంటున్నారని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది "ముందు పాత అగ్రిమెంట్ తీసి చదవండి" అన్న మాట. బీరువాలో చీరల కింద దొరికింది. రెండో పేజీలో, ఓనర్ సంతకానికి కాస్త పైన, 11 నెలల తర్వాత పెంపు 5 శాతం అని స్పష్టంగా ఉంది. కమీషన్ ఇల్లు చూపించినప్పుడే ఇచ్చేశాం, రెన్యువల్‌కు ఇస్తామని ఎక్కడా రాయలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని లాయర్ చెప్పారు.

ఆ పేజీ చూపిస్తే ఓనర్ అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "సరేలేమ్మా" అన్నారు. ఎంత టెన్షన్ పడ్డానో! 8,400కు కొత్త అగ్రిమెంట్ మేమే రాసుకున్నాం. 1882 ఆస్తి బదిలీ చట్టం కింద ఇల్లు ఖాళీ చేయడానికి ఇచ్చే 15 రోజుల నోటీసు దాకా వెళ్ళే అవసరమే రాలేదు.