ఎస్‌ఓడీ1 థయోఫ్లేవిన్ కర్వ్ అస్సలు లేవట్లేదు, ఎవరైనా చూడండి ప్లీజ్

పెప్టైడ్ పిల్ల, బెంగళూరు:
అందరికీ నమస్తే. పొద్దున్నుంచి ప్లేట్ రీడర్ ముందే కూర్చున్నా, ఇంక బుర్ర పనిచెయ్యట్లేదు. ఎస్‌ఓడీ1 ప్రోటీన్ జీ93ఏ మ్యూటెంట్‌ని (93వ చోట గ్లైసీన్ బదులు అలనీన్ ఉన్నది) థయోఫ్లేవిన్ టీతో (పోగుల్లా పేరుకున్న ప్రోటీన్‌కి అంటుకుని వెలిగే డై) కలిపి 37 డిగ్రీల దగ్గర షేక్ చేస్తున్నా. ప్రోటీన్ 50 మైక్రోమోలార్, డై 20 మైక్రోమోలార్, ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ 7.4. ఏ పేపర్ చూసినా కాసేపు లాగ్ ఫేజ్ (ఏమీ కదలని దశ), తర్వాత జివ్వున లేచే కర్వ్. నాది రాత్రంతా నడిపినా బ్లాంక్ పక్కన ఇంకో బ్లాంక్‌లా పడుంటుంది. డై కొత్తది కలిపా, ప్లేట్ మార్చా, గెయిన్ పెంచా. మోటార్ న్యూరాన్ జబ్బులో ముద్దలు కట్టేది ఈ ప్రోటీనే కదా, పైగా మ్యూటెంట్, మరి ఎందుకు కట్టట్లేదు? శుక్రవారం ల్యాబ్ మీటింగ్‌లో చూపించాలి, ఏడుపొస్తోంది.

సెంట్రిఫ్యూజ్:
పాజిటివ్ కంట్రోల్?

పెప్టైడ్ పిల్ల:
లైసోజైమ్ పెట్టానండీ, అది బానే లేచింది.

సెంట్రిఫ్యూజ్:
అయితే డై బావుంది, రీడర్ బావుంది. ప్రోటీన్ సంగతి చూడు.

అడయార్ డాక్టరు, చెన్నై:
అమ్మా, ముందు ఒక మాట. "మోటార్ న్యూరాన్ జబ్బులో ముద్దలు కట్టేది ఈ ప్రోటీనే" అని రాశావు, అది సరికాదు. ఎస్‌ఓడీ1 మ్యూటేషన్లు కుటుంబాల్లో వచ్చే ఏఎల్‌ఎస్‌కి (మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది) కారణమని 1993లో తేలింది, నిజమే, కానీ మొత్తం రోగుల్లో వాళ్ళు చాలా తక్కువ. దాదాపు 97 శాతం ఏఎల్‌ఎస్ కేసుల్లో ముద్దగా కనిపించేది టీడీపీ-43. అది 2006లో బయటపడింది. మామూలుగా న్యూక్లియస్‌లో ఉండాల్సిన ప్రోటీన్ బయటికొచ్చి సైటోప్లాజంలో పేరుకుంటుంది. ఎస్‌ఓడీ1 మ్యూటేషన్ ఉన్నవాళ్ళలో సాధారణంగా ఆ టీడీపీ-43 ముద్దలే ఉండవు. అలాగే మన దక్షిణాదిలో మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అని ఒకటుంది, 1970లో ఇక్కడి డాక్టర్లే రాశారు. చిన్న వయసులో మొదలవుతుంది, చేతులూ కాళ్ళూ సన్నబడతాయి, ముఖం, నాలుక కండరాలు బలహీనపడతాయి, వినికిడి పోతుంది, అయినా చాలా నెమ్మదిగా నడుస్తుంది. మీ కుర్ర సైంటిస్టులు ఎవరూ దాని ప్రోటీన్ జోలికి పోరు. అందరూ జీ93ఏ మ్యూటేషన్ పెట్టిన ఎలుకల వెనకే. ఇది నాకు నిజంగా బాధ.

సెంట్రిఫ్యూజ్:
ఆ అమ్మాయి అడిగింది కర్వ్ గురించి.

వేరియంట్:
ఇంకోటి కూడా సరిచెయ్యాలి. జీ93ఏ అని రాయడం పాత పద్ధతి. జీన్‌లో మొదటి మిథియోనైన్‌ని కూడా లెక్కపెడితే అది జీ94ఏ. ఇప్పుడు జెనెటిక్ రిపోర్టులన్నీ అలాగే ఇస్తున్నాయి, ఏ4వీ అనే ఇంకో మ్యూటేషన్ అయితే ఏ5వీ అని ఉంటుంది. ప్రైమర్ డిజైన్ చేసేటప్పుడు ఒక్క నంబర్ తేడాతో వేరే అమైనో యాసిడ్ మార్చేస్తారు. మీది సీక్వెన్స్ చేయించారా?

పెప్టైడ్ పిల్ల:
చేయించామండీ, గ్లైసీన్ పోయి అలనీన్ వచ్చింది, అందులో డౌట్ లేదు. పేపర్లలో 93 అనే ఉంటుంది కాబట్టి మేమూ అలాగే పిలుస్తాం.

వేరియంట్:
పేపర్లలో ఉందని సరైపోదు కదండీ.

యశ్వంతపూర్ అన్న:
నంబర్ గొడవ తర్వాత. చెల్లీ, ప్రోటీన్ కాన్సంట్రేట్ చేశాక ట్యూబ్‌ని తెల్ల కాగితం ముందు పెట్టి చూడు. ఏ రంగులో ఉంది?

పెప్టైడ్ పిల్ల:
లేత ఆకుపచ్చ అన్నా, కొంచెం నీలం కలిసినట్టు. ప్యూర్‌గా ఉంది కాబట్టి అలా ఉంటుందనుకున్నా.

యశ్వంతపూర్ అన్న:
అది కాపర్ రంగు. కల్చర్‌లో కాపర్, జింక్ సాల్ట్స్ వేశారా?

పెప్టైడ్ పిల్ల:
వేశాం అన్నా, ఇండక్షన్ (బ్యాక్టీరియాతో ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించడం) అప్పుడు. సీనియర్ రాసిన ప్రోటోకాల్‌లో అలాగే ఉంది. ప్లాస్మిడ్ కూడా వాళ్ళదే, సిస్టీన్ 6, 111 రెండూ మార్చిన రకం. ఇవన్నీ అవసరమా అని రాయలేదు.

యశ్వంతపూర్ అన్న:
ఇవే అవసరం. ఇప్పుడు విను. ఎస్‌ఓడీ1లో కాపర్, జింక్ కూర్చుని, 57వ, 146వ సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధం (రెండు సల్ఫర్లని కలిపేది) ఉండి, రెండు రెండుగా జతకట్టి ఉంటే అది మనకి తెలిసిన గట్టి ప్రోటీన్లలో ఒకటి, వైల్డ్ టైప్ (మ్యూటేషన్ లేనిది) అయితే విప్పుకోవాలంటే 90 డిగ్రీల దాకా వెళ్ళాలి. జీ93ఏ కొంచెం బలహీనమే, అయినా లోహాలు నిండుగా ఉంటే 37 దగ్గర షేక్ చేస్తే దానికేమీ కాదు. ఆ లోహాలు పందిరికి రాటల్లాంటివి. రాటలు పీకితేనే పందిరి కూలుతుంది. లోహాలు తీసేస్తే వైల్డ్ టైపే 50 దాటగానే విప్పుకుంటుంది, డైసల్ఫైడ్ కూడా రెడ్యూస్ చేస్తే (తెంచితే) 40ల్లోకి దిగుతుంది, జత విడిపోయి ఒంటరి మోనోమర్ అవుతుంది, మ్యూటెంట్ అయితే ఇంకా తక్కువకే. కణంలో కూడా ఇంకా లోహం అందని, బంధం పడని ఆ పచ్చి రూపమే ప్రమాదమని చాలామంది అనేది. సిస్టీన్లు మార్చిన నీ రకం ఇంకొంచెం మొండిది, అది కూడా కలిసింది.

చెయ్యాల్సింది: 50 మిల్లీమోలార్ సోడియం అసిటేట్ పీహెచ్ 3.8, 10 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాలని పట్టి లాగేది), అందులో డయాలసిస్ (ప్రోటీన్‌ని పొర సంచిలో పెట్టి నానబెట్టడం), బఫర్ మారుస్తూ. తర్వాత ఈడీటీఏ లేని ఉప్పు బఫర్‌తో బాగా కడుగు, లేకపోతే ఈడీటీఏ ప్రోటీన్‌కే అంటుకుని ఉంటుంది. ఆఖరి బఫర్ చీలెక్స్ (లోహాలని పట్టేసే రెజిన్) మీద నడిపి వాడు, గాజుసామాను ఆసిడ్‌తో కడుగు, మామూలు బఫర్‌లో ఉండే జింకే తిరిగి ఎక్కేస్తుంది. ఎంత జింక్ మిగిలిందో పార్ డైతో (జింక్ తగిలితే రంగు మారేది) చూసుకో. అప్పుడు డైసల్ఫైడ్‌ని తెంచే రెడ్యూసింగ్ ఏజెంట్, అందులోనూ డీటీటీ 37 దగ్గర ఎక్కువసేపు నిలవదు, టీసెప్ అంటే ఫాస్ఫేట్‌లో పాడవుతుంది, కాబట్టి బఫర్ మార్చాలేమో ఆలోచించు. డైసల్ఫైడ్ పోయిందో లేదో అయోడోఎసిటమైడ్ (విడిగా ఉన్న సిస్టీన్లని మూసేసేది) వేసి నాన్ రెడ్యూసింగ్ జెల్‌లో చూడు. వెల్‌లో చిన్న టెఫ్లాన్ బాల్ వెయ్యి, ప్లేట్ సీల్ చెయ్యి.

సెంట్రిఫ్యూజ్:
థయోఫ్లేవిన్ లేవకపోతే అగ్రిగేట్ (ముద్ద) లేదని కాదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున దిగిన పెల్లెట్ చూడు.

వేరియంట్:
అగ్రిగేట్ అంటే అమిలాయిడే కదా ఇక్కడ?

సెంట్రిఫ్యూజ్:
కాదు. అమిలాయిడ్ అగ్రిగేట్‌లో ఒక రకం, ఒక పద్ధతిలో పేర్చిన పోగులు. డై ఆ పేర్పునే, అంటే క్రాస్ బీటా నిర్మాణాన్నే పట్టుకుంటుంది.

యశ్వంతపూర్ అన్న:
ఇది ముఖ్యం. ఎస్‌ఓడీ1 రోగుల వెన్నుపాములో కనిపించే ముద్దలు అమిలాయిడ్ డైలకి సరిగ్గా అంటవని పాథాలజీ వాళ్ళు రాశారు. కాబట్టి ఒక్క కర్వ్‌ని నమ్ముకోవద్దు. 350 నానోమీటర్ల దగ్గర టర్బిడిటీ (ద్రవం ఎంత మబ్బుగా ఉందో), అల్ట్రాసెంట్రిఫ్యూజ్ చేసి పైదీ కిందిదీ జెల్, వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఒక గ్రిడ్.

వేరియంట్:
సీడింగ్ చేస్తే (తయారైన ముద్దని కొంచెం కలిపితే) ప్రయాన్ లాగానే పాకుతుందని చూపించారు, మరి దాన్ని అమిలాయిడ్ అనకపోతే ఏమంటారు?

హోసూరు రోడ్డు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బావగారికి ఏఎల్‌ఎస్ అన్నారు, రిలుజోల్ వాడుతున్నారు. ఈ ముద్దలు రక్తపరీక్షలో తెలుస్తాయా? ఇంజెక్షన్ ఒకటి వచ్చిందంటున్నారు, అది మాకు పనికొస్తుందా?

అడయార్ డాక్టరు:
బాబూ, ముద్దల్ని చూపించే మామూలు రక్తపరీక్ష లేదు. న్యూరోఫిలమెంట్ అని ఒకటి చూస్తారు, అది నరాలు దెబ్బతింటున్నాయని చెప్తుందే తప్ప ఏ ప్రోటీన్ వల్లో చెప్పదు. నువ్వు విన్నది టోఫర్సెన్. 2023 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, వెన్నులోకి ఎక్కిస్తారు, ఎస్‌ఓడీ1 తయారీనే తగ్గిస్తుంది. అయితే ఎస్‌ఓడీ1 మ్యూటేషన్ ఉన్నవాళ్ళకి మాత్రమే. అందుకని జీన్ టెస్ట్ చేయించారా అని మీ న్యూరాలజిస్టుని అడగండి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి బలహీనత వచ్చిందా, మతిమరుపు వచ్చిందా అన్నది కూడా చెప్పండి. మింగడం కష్టమవుతుంటే, రాత్రి పడుకుంటే ఊపిరాడకపోతే ఆ మాట ముందు చెప్పండి, ఆగకండి.

హోసూరు రోడ్డు:
రిపోర్టులో సీ9ఓఆర్‌ఎఫ్72 అనే ఇంకో జీన్ నెగెటివ్ అని ఉంది సార్. మిగతావి చేశారో లేదో అడుగుతాను.

వేరియంట్:
చేయిస్తే నంబరింగ్ ఎలా ఇచ్చారో చూసుకోండి, 93 అన్నా 94 అన్నా ఒకటే.

పెప్టైడ్ పిల్ల:
డయాలసిస్ పెట్టేశా. థాంక్స్ అన్నా. పీహెచ్ 3.8లో కొంచెం తెల్లగా మబ్బు పట్టింది, అది పర్లేదా?