డిసెంబరు చివర్లో బుడాపెస్ట్: పెద్దవాళ్లతో, పాపతో వెళితే ఏం చూడవచ్చు?

కాజీపేట_అమ్మాయి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము వియన్నాలో ఉంటున్నాము. ఈ చలికాలంలో మా అమ్మానాన్నలు కాజీపేట నుంచి వస్తున్నారు. వాళ్లను, మా ఎనిమిదేళ్ల పాపను వెంటబెట్టుకుని డిసెంబరు 27వ తేదీన రైలులో హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లి, జనవరి ఒకటో తేదీ సాయంత్రం తిరిగి రావాలని అనుకుంటున్నాము. నాన్నగారు రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కాబట్టి ఎక్కువ మెట్లు ఎక్కలేదు. అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గర ఉంటుందని, సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుందని విని, అంత దూరం వెళ్లి హోటల్ గదిలో కూర్చోవలసి వస్తుందేమోనని ఆమె దిగులుపడుతోంది. పెద్దవాళ్లు, చిన్నపిల్ల కలిసి సంతోషంగా గడపడానికి ఆ ఊళ్లో ఏమున్నాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

డాన్యూబ్_ఒడ్డు:

నమస్కారమండీ. నేను ఈ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నాను. మీ అమ్మగారికి దిగులు అక్కర్లేదని చెప్పండి, ఎందుకంటే బుడాపెస్ట్‌ను ఎండాకాలంలో కంటే చలికాలంలో చూడడమే మేలని నా గట్టి నమ్మకం. ఈ నగరం కింద వేడినీటి ఊటలున్నాయి. ఆ నీళ్ల సుఖం ఒంటికి తెలిసేది బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడే.

సిటీ పార్కులోని సేచెన్యి స్నానశాలను 1913లో తెరిచారు. విల్మోష్ జిగ్మోంది అనే ఇంజనీరు పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ 970 మీటర్ల లోతు దాకా బావి తవ్వించి, డెబ్బై డిగ్రీలు దాటిన నీళ్లను పైకి రప్పించాడు. పసుపు రంగు రాజభవనం లాంటి కట్టడం మధ్యలో, ఆరుబయట, దాదాపు 38 డిగ్రీల వెచ్చని కొలను ఉంటుంది. సాయంత్రం మూడున్నరకు లోపలికి వెళ్లారంటే వెలుగు తగ్గుతున్న వేళకు నీళ్లలో ఉంటారు. అప్పటికి ఆవిరి ఎంత దట్టంగా కమ్ముకుంటుందంటే అవతలి గట్టు కనిపించదు. మెడ దాకా నీళ్లలో మునిగి, ముందు చదరంగం బల్ల పెట్టుకుని, తొందరేమీ లేకుండా పావులు జరుపుకునే ముసలాయనలు మాత్రం ఆ ఆవిరిలోనూ కనిపిస్తారు. చీరతోనో, నూలు బట్టలతోనో దిగడం కుదరదు కనుక మోకాళ్ల దాకా ఉండే ఈత దుస్తులు అమ్మగారికి ముందే కొనండి. జారని చెప్పులు, పెద్ద తువ్వాలు కూడా తెచ్చుకోండి. బట్టలు మార్చుకునే గది నుంచి కొలను దాకా నడిచే ఆ కొద్ది అడుగులే అసలు చలి. వేడినీళ్లలో ఒక్కసారికి ఇరవై నిమిషాలు మించి ఉండకూడదు. రక్తపోటు గానీ గుండె జబ్బు గానీ ఉంటే బయలుదేరక ముందే డాక్టరును అడగడం తప్పనిసరి.

ఒక ఇబ్బంది ఉంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సేచెన్యిలోకి అనుమతించడం లేదు. అందుకని అమ్మగారు, మీరు స్నానానికి వెళ్లినప్పుడు పాపను ఎవరైనా పక్కనే ఉన్న జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లండి. 1866లో మొదలైన ఆ జూలో నీటిగుర్రాలు ఉండేది కూడా ఈ వేడి ఊటల నీళ్లలోనే కాబట్టి, అవి చలికాలంలోనూ హాయిగా ఉంటాయి.

రద్దీ వద్దనుకుంటే డాన్యూబ్ నదికి పడమటి ఒడ్డున, బుడా వైపున్న లుకాచ్ స్నానశాల మంచిది. స్థానికులు, ముఖ్యంగా కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, అక్కడికే ఎక్కువగా వెళతారు. అక్కడి పెరట్లో గోడ నిండా చిన్న చిన్న పాలరాతి ఫలకాలు ఉంటాయి. ఈ నీళ్లతో జబ్బు నయమైందని రకరకాల దేశాలవాళ్లు తమ తమ భాషల్లో కృతజ్ఞతలు చెక్కించి పెట్టినవి అవి. మీ అమ్మగారు స్నానానికి ముందు వాటిని ఒకసారి చూడాలని నా కోరిక.

పట్టాల_బాట:

మీ నాన్నగారికి ఈ ఊరు తప్పకుండా నచ్చుతుంది. సేచెన్యికి వెళ్లే ఒకటో నంబరు మెట్రో 1896లో మొదలైంది. యూరప్ ఖండం ప్రధాన భూభాగంలో భూగర్భ రైలు మొదట నడిచింది ఇక్కడే. ఆంద్రాషి వీధికి సరిగ్గా కిందనే, చాలా తక్కువ లోతులో తవ్వారు కాబట్టి లిఫ్టులు లేకపోయినా మెట్లు కొన్నే ఉంటాయి. అమ్మగారు గోడ పట్టుకుని నిదానంగా దిగవచ్చు. తెల్లటి పింగాణీ పలకల గోడలు, ఇనుప స్తంభాలు, పసుపుపచ్చని చిన్న బోగీలు ఉన్న ఆ స్టేషన్లను పెద్దాయన తీరిగ్గా చూసేలా సమయం ఇవ్వండి. దెయాక్ కూడలి దగ్గర వాడకం మానేసిన పాత సొరంగం ముక్కలోనే ఆ మెట్రో మ్యూజియం ఉంది. న్యుగతి రైల్వే స్టేషన్‌ను 1877లో కట్టింది ఐఫెల్ టవరుతో పేరుపొందిన ఐఫెల్ గారి సంస్థ.

అన్నిటికంటే ముఖ్యమైనది బుడా కొండల్లోని పిల్లల రైలు. 1948లో మొదలైన ఈ చిన్న గేజి దారి పదకొండు కిలోమీటర్లకు పైగా అడవిలో సాగుతుంది. ఇంజను నడిపేది పెద్దవాళ్లే. మిగిలిన పనులు, అంటే టిక్కెట్లు అమ్మడం, సిగ్నళ్లు ఇవ్వడం, బండి పట్టా మారే పాయింట్లు మార్చడం, పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు యూనిఫారం వేసుకుని, పెద్దల పర్యవేక్షణలో చేస్తారు. బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి సెల్యూట్ చేసే ఆ పిల్లలను మీ పాప, తాతగారు కలిసి చూడాలి. కొండ మీద మంచు పడి ఉంటే ఇంకా బాగుంటుంది. చలికాలంలో సాధారణంగా సోమవారాలు ఈ బండి నడవదు కాబట్టి వేళలు ముందే చూసుకోండి.

కాజీపేట_అమ్మాయి:

ఇద్దరికీ ఎన్నో కృతజ్ఞతలు. పిల్లల రైలు సంగతి చదివి వినిపించగానే నాన్నగారు వీడియో కాల్‌లోనే వివరాలన్నీ కాగితం మీద రాసుకున్నారు. తిండి విషయం కూడా చెప్పగలరా? అమ్మానాన్నలిద్దరూ మాంసం, గుడ్డు ముట్టరు.

పప్పూ_రొట్టే:

హంగరీ వంటలో మాంసమే ఎక్కువ, పైగా పంది కొవ్వు వాడకం కూడా ఉంటుంది కాబట్టి ప్రతిచోటా అడిగి తీసుకోవడం మంచిది. ఫొజెలేక్ అని కూరగాయలనో పప్పునో చిక్కగా ఉడికించే ఇంటి వంట ఒకటి ఉంటుంది. పైన మాంసం ముక్క గానీ గుడ్డు గానీ వేయవద్దని చెబితే అది మన పెద్దవాళ్లకు బాగా సరిపోతుంది. మీరు సరైన రోజులకే వెళుతున్నారు కూడా: కొత్త సంవత్సరం నాడు మసూర్ లాంటి గుండ్రని పప్పు తింటే ఏడాది పొడుగునా డబ్బుకు లోటుండదని హంగరీవాళ్ల నమ్మకం. ఆ రోజు కోడిమాంసం మాత్రం తినరు, ఎందుకంటే కోడి కాళ్లతో వెనక్కి గీరి అదృష్టాన్ని తోసేస్తుందట.

మన భటూరాలాగా నూనెలో పొంగే లాంగోష్ మీద వెల్లుల్లి నీళ్లు, పుల్లటి మీగడ, జున్ను వేసి ఇస్తారు. దాన్ని ఏ నూనెలో వేయించారో కనుక్కోండి. కుర్తోష్‌కలాచ్ అనే తీపి రొట్టె చేసేవాళ్లు పిండిని తాడులా సాగదీసి, చెక్క రోలరు చుట్టూ చుట్టి, పంచదారలో దొర్లించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. పంచదార కరిగి ఎర్రటి పెంకులా బిగుసుకుంటుంది, లోపలి పిండి మాత్రం మెత్తగా పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అందులో సాధారణంగా గుడ్డు పడుతుంది కనుక అది పాపకే. పెద్దవాళ్లకు వీధి బండి మీద కాల్చి, కాగితం పొట్లంలో వేడివేడిగా ఇచ్చే చెస్ట్‌నట్ గింజలు కొనివ్వండి. చేతులు వెచ్చబడడానికి కూడా అవి పనికివస్తాయి.

డాన్యూబ్_ఒడ్డు:

ఇంకొన్ని మాటలు. మీరు వచ్చేసరికి క్రిస్మస్ సెలవులు ముగిసి దుకాణాలు తెరుస్తారు. వొరొష్‌మార్తి కూడలిలోనూ, సెయింట్ స్టీఫెన్ బసిలికా అనే పెద్ద చర్చి ముందూ క్రిస్మస్ సంతలు సాధారణంగా కొత్త సంవత్సరం దాకా సాగుతాయి. బసిలికా ముందు పిల్లలకు స్కేటింగు చేసే చిన్న మంచు మైదానం ఉంటుంది. పాపకు స్కేటింగు వస్తే సిటీ పార్కులో 1870లో మొదలైన పెద్ద మైదానానికి తీసుకెళ్లండి. వైదహున్యద్ కోట ఎదురుగా ఉండే అక్కడ స్కేట్లు అద్దెకిస్తారు.

చీకటి పడ్డాక రెండో నంబరు ట్రామ్ ఎక్కి డాన్యూబ్ నది పొడుగునా వెళితే, అమ్మగారు కిటికీ పక్క సీటులో వెచ్చగా కూర్చునే దీపాల వెలుగులో బుడా కోటను, నది మీది చెయిన్ బ్రిడ్జిని, పార్లమెంటును చూడగలరు. పండుగ రోజుల్లో దీపాలతో అలంకరించిన ట్రామ్‌లు కూడా తిరుగుతాయి. పార్లమెంటు లోపలి సందర్శనకు మాత్రం టిక్కెట్లు ఇప్పుడే ఆన్‌లైన్‌లో కొనండి, ఎందుకంటే ఆ వారంలో అప్పటికప్పుడు దొరకడం కష్టం. మెట్లున్నాయి కాబట్టి అమ్మగారి మోకాళ్ల సంగతి వాళ్లకు ముందే ఈమెయిల్‌లో రాసి, లిఫ్టు సౌకర్యం గురించి అడగండి.