యాంజియోగ్రాంలో 70 శాతం బ్లాకు ఉంటే స్టెంటు తప్పదా?

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక సభ్యురాలు):

మా నాన్నగారి వయసు 61 ఏళ్ళు. చాలా కాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. కొన్ని నెలలుగా గుడి మెట్లు ఎక్కినప్పుడు, వేగంగా నడిచినప్పుడు ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు అనిపించి, రెండు మూడు నిమిషాలు ఆగితే తగ్గిపోతోంది. కూర్చున్నప్పుడు గాని, నిద్రలో గాని ఎన్నడూ రాలేదు. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా కనిపించిందని యాంజియోగ్రాం చేశారు. కుడి రక్తనాళంలో 70 శాతం బ్లాకు ఉన్నదని, మిగతా నాళాల్లో స్వల్పంగానే ఉన్నదని, ఎకోలో గుండె పంపింగ్ 58 శాతం ఉన్నదని రాశారు. ఈ వారంలోనే స్టెంటు వేయించుకోమంటున్నారు. ఆలస్యం చేస్తే ప్రాణాపాయమా? మందులతో నయం కాదా? ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యుడు):

అమ్మా, మీరు రాసిన దాన్ని బట్టి ఇది స్థిరంగా ఉన్న ఆంజైనాలా (గుండె కండరానికి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పిలా) కనిపిస్తున్నది. అంటే శ్రమపడితే వస్తుంది, ఆగితే పోతుంది, నెలల తరబడి ఒకే తీరులో ఉంటుంది. ఇలాంటి స్థితిలో ఆలోచించుకోవడానికి, మరొక కార్డియాలజిస్టును సంప్రదించడానికి సాధారణంగా వ్యవధి ఉంటుంది. అయితే నొప్పి కూర్చున్నప్పుడు కూడా వచ్చినా, మునుపటికంటే తక్కువ శ్రమకే వస్తున్నా, ఎక్కువసేపు ఉంటున్నా ఆ వ్యవధి లేనట్టే; అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రోగిని చూడకుండా స్టెంటు వద్దనో కావాలనో నేను చెప్పలేను, చెప్పకూడదు. మీ డాక్టరు గారిని ఏమేమి అడగాలో మీకు తెలియడం కోసమే ఈ వివరణ.

బ్లాకు అనగానే నీటి గొట్టంలో తుప్పు పేరుకుని దారి మూసుకుపోవడం మనకు గుర్తుకొస్తుంది. అది సగమే నిజం. చెడు కొలెస్టరాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ ధమని లోపలి పొర కిందికి చేరి, అక్కడ వాపును రేపి, ఏళ్ళ తరబడి కొవ్వు గడ్డగా పెరుగుతుంది. పొగాకు, షుగరు, అధిక రక్తపోటు ఆ లోపలి పొరను దెబ్బతీసి ఈ పనిని త్వరపరుస్తాయి. గడ్డ పెరిగి దారి ఇరుకైతే, శ్రమపడినప్పుడు గుండె కండరానికి చాలినంత రక్తం అందక నొప్పి వస్తుంది. గుండెపోటు మాత్రం ఎక్కువగా వేరే విధంగా వస్తుంది: గడ్డ మీది పలుచని పొర పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి, నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. అలా పగిలేవాటిలో అప్పటివరకు 70 శాతం కూడా లేని బ్లాకులు చాలా ఉంటాయి. స్టెంటు వేసిన ఆ ఒక్క చోట దారి తెరుచుకుంటుంది. మిగతా నాళాల్లోని గడ్డలను నిలకడగా ఉంచవలసినవి మందులే.

ఈ సంగతిని పెద్ద అధ్యయనాలే పరీక్షించాయి. 2007లో వెలువడిన కరేజ్, 2020లో వెలువడిన ఇస్కీమియా అనే అధ్యయనాల్లో, స్థిరమైన వ్యాధి ఉన్నవారికి మంచి మందులతో పాటు ముందే స్టెంటు వేయడం గాని (ఇస్కీమియాలో కొందరికి బైపాస్ కూడా చేశారు), మందులతో మొదలుపెట్టి అవసరమైతేనే ఆ పని చేయడం గాని జరిగింది. రెండు పద్ధతుల్లోనూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం, ముఖ్యంగా తరచుగా నొప్పి వచ్చేవారిలో, స్టెంటు, బైపాస్‌ల మేలు స్పష్టంగా కనిపించింది. అందుచేత మందులు సరిగా వాడినా నాన్నగారు నాలుగడుగులు వేయలేకపోతుంటే స్టెంటు ఎంతో ఉపకరిస్తుంది. కాని ప్రాణం నిలవాలంటే ఈ వారమే వేయాలన్న మాట అందరికీ వర్తించదు.

ఈ ఫలితాలు వర్తించనివారు కూడా ఉన్నారు. ఎడమ ప్రధాన ధమనిలో (గుండె ఎడమ వైపుకు రక్తాన్ని అందించే మొదటి పెద్ద నాళంలో) పెద్ద బ్లాకు ఉన్నవారిని, గుండె పంపింగ్ 35 శాతం కంటే తక్కువ ఉన్నవారిని ఇస్కీమియాలో చేర్చుకోలేదు. వారి చికిత్స దారి వేరు. షుగరు ఉండి, ఒకటికంటే ఎక్కువ నాళాల్లో పెద్ద బ్లాకులు ఉన్నవారికి స్టెంటు కంటే బైపాస్ మేలు చేసిందని 2012 నాటి ఫ్రీడమ్ అధ్యయనం చూపింది. కాబట్టి ఎడమ ప్రధాన ధమని బాగుందా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. ఆ 70 శాతం బ్లాకు రక్త ప్రవాహాన్ని నిజంగా ఎంత అడ్డుకుంటున్నదో నాళంలో బ్లాకుకు ముందు, తరువాత ఉన్న రక్తపు ఒత్తిడిని పోల్చే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే పరీక్షతో కొలిచారా అన్నది రెండవది. ఆ విలువ 0.80 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే బ్లాకుకు ప్రాధాన్యం ఉన్నట్టు లెక్క. కంటితో చూసి వేసిన శాతం ఒక్కో డాక్టరుకు ఒక్కో విధంగా కనబడవచ్చు. యాంజియోగ్రాం సీడీని తప్పక అడిగి తీసుకోండి.

మరో సందేహం (నిజామాబాద్ నుంచి ఒక సభ్యుడు):

డాక్టరు గారూ, మా అన్నయ్యకు గుండెపోటు వచ్చి ఎనిమిది నెలల క్రితం స్టెంటు వేశారు. కొలెస్టరాల్ నార్మల్‌కు వచ్చిందని, దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర మానేశాడు. ఇప్పుడు పన్ను తీయించుకోవాలని రక్తం పలుచబరిచే మాత్రలు కూడా ఆపుతానంటున్నాడు. నిన్న రాత్రి అన్నం తిన్నాక ఛాతీ బరువుగా ఉండి చెమటలు పట్టాయట. గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకున్నాడు. ఏం చేయాలి?

జవాబు (అదే వైద్యుడు):

బాబూ, ముందు రాత్రి వచ్చిన నొప్పి సంగతి చూడండి. ఈ జవాబు చదివిన వెంటనే అన్నయ్యను ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదా అని చూపే రక్త పరీక్ష) చేయించండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు కాదని తేల్చకూడదు; కొన్ని గంటల వ్యవధిలో ట్రోపోనిన్ మళ్ళీ చూస్తారు. షుగరు ఉన్నవారిలో, పెద్ద వయసువారిలో, ఆడవారిలో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, వాంతి మాత్రమే ఉండవచ్చు. చెమటతో కూడిన ఛాతీ బరువును గ్యాస్ అనుకుని తెల్లవారేదాకా ఆగినవారిలో ఎంతోమంది గుండె కండరాన్ని పోగొట్టుకున్నారు.

నొప్పి మళ్ళీ వస్తే 108కి ఫోను చేయండి. తనే బండి నడుపుకుంటూ వెళ్ళనివ్వకండి. ఆస్పిరిన్ పడనివారికి, రక్తస్రావం ఉన్నవారికి తప్ప, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించడం మంచిది. నాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు రెండు గంటలలోపు యాంజియోప్లాస్టీ (బెలూనుతో నాళాన్ని తెరిచి స్టెంటు వేయడం) జరిగే వీలుంటే అదే ఉత్తమం. ఆ వీలు లేకపోతే దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను ఇప్పించుకుని, ఆ తరువాత పెద్ద ఊరికి బయలుదేరాలి. మీకు దగ్గరలో ఆ ఇంజెక్షను ఎక్కడ దొరుకుతుందో ఈ రోజే తెలుసుకోండి.

రక్తం పలుచబరిచే మాత్రల విషయానికి వస్తే, గుండెపోటు తరువాత స్టెంటు వేస్తే రెండు రకాల మాత్రలను సాధారణంగా ఏడాది పాటు వాడాలి. మధ్యలో ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చు, అది ప్రాణాంతకం. పన్ను తీయడానికి చాలాసార్లు ఈ మాత్రలు ఆపవలసిన అవసరమే ఉండదు. దంతవైద్యులు ఆ చోట రక్తం ఆపే ఏర్పాట్లు చేసుకుంటారు. కార్డియాలజిస్టుతో మాట్లాడకుండా ఒక్క రోజు కూడా ఆపనివ్వకండి. ఇక కొలెస్టరాల్ నార్మల్ అయింది స్టాటిన్ వల్లనే; మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్‌ను డెసిలీటరుకు 55 మిల్లీగ్రాముల కంటే తక్కువకు తేవాలని నేటి యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ల్యాబ్ కాగితం మీద నార్మల్ అని ఉండే అంకె ఆరోగ్యవంతులకు వేసినది, అన్నయ్యకు కాదు.

మళ్ళీ ఒంగోలు సభ్యురాలు:

ధన్యవాదాలండీ. ఎడమ ప్రధాన ధమని బాగానే ఉన్నదని రిపోర్టులో చూశాను. నూనె పూర్తిగా మానేసి, వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తాగితే బ్లాకు కరుగుతుందని బంధువులు అంటున్నారు. నాన్నగారు చుట్ట రోజుకు ఒకటే కాలుస్తారు.

జవాబు:

అమ్మా, ఆ కషాయంతో బ్లాకులు కరిగినట్టు ఆధారమేమీ లేదు. దాన్ని నమ్మి మాత్రలు మానేయడమే అసలు ప్రమాదం. నూనె పూర్తిగా మానవలసిన పని లేదు, తగ్గించి, పామాయిల్, వనస్పతి, ఒకసారి కాగిన నూనె మానండి. పచ్చళ్ళు, అప్పడాల్లోని ఉప్పు బీపీకి చేటు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచితే షుగరుకు మంచిది. చుట్ట ఒకటే కదా అని ఊరుకోకండి, ఒక్కటైనా హానే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు ఇతరులకంటే చిన్న వయసులోనే వస్తున్నదని తేలింది. అందువల్ల మీరు, మీ తోబుట్టువులు కూడా ఒకసారి షుగరు, బీపీ, కొలెస్టరాల్ చూపించుకోండి. రెండవ డాక్టరు గారు ఏమన్నారో ఇక్కడే రాయండి.